ఆనవాలమ్మ ఖాళీ పీఠం

తుమ్మలకోన రైల్వే స్టేషన్‌లో దిగిన భక్తులు మొదట అడిగే మాట ఒకటే. "విగ్రహం ఏదండీ?"

నల్లమల అంచున, రెండు గుట్టల నడుమ, చుట్టూ ఊరన్నది కంటికి ఆనని చోట ఉన్న చిన్న స్టేషను ఇది. రోజుకు రెండు పాసింజరు బండ్లు మాత్రమే ఇక్కడ ఆగుతాయి. ప్లాట్‌ఫారం తూర్పు కొసన నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద రేకుల కప్పు, కప్పు కింద ఒక నల్లబండ కనిపిస్తాయి. ఆ బండలో బత్తాయిపండు కుదురుగా కూర్చునేంత గుండ్రని గుంట ఉంది. గుంటలో పసుపు, కుంకుమ తప్ప మరేమీ ఉండవు. అదే శ్రీ ఆనవాలమ్మ తల్లి పీఠం.

విగ్రహాన్ని దొంగలు ఎత్తుకుపోలేదు. మెరుగు పెట్టించడానికి పంపలేదు. గుడి కమిటీవారే ఎవరికో అమ్ముకున్నారని పొరుగూరు గడ్డమీదపల్లెవారు చెప్పుకుంటున్న మాట పచ్చి అబద్ధం. ఆ మాట ఎవరి నోట పుట్టిందో కూడా మాకు తెలుసు, పుణ్యక్షేత్రం పుస్తకంలో వారి పేరు రాయడం బాగుండదని ఊరుకుంటున్నాము. అమ్మవారి పీఠం మొదటినుంచీ ఖాళీగా లేదు. కొన్నాళ్లు నిండుగానే ఉండి, తర్వాత ఖాళీ అయింది. అది ఎలా జరిగిందో చెప్పడానికే ఈ చిన్న పుస్తకం.

కథలోకి వెళ్లేముందు భక్తులకు ఒక మనవి. ఇందులో రాసినదంతా గుడ్డిగా నమ్మవలసిన పని లేదు. నేను విన్నది ఇద్దరి దగ్గర. ఒకరు మా జేజి, అంటే నాయనమ్మ. కథలో వచ్చే తిమ్మక్క ఆమెకు స్వయానా మేనత్త. రెండోవారు కథలోని కాశీం మనవడు హుస్సేనయ్య. ఇద్దరి మాటలూ కలిసిన చోట ఒకలాగ, కలవని చోట ఇంకోలాగ రాశాను. ఎవరి ఇంటివారిని వారు కాస్త పొడుగు చేసి చెప్పుకుని ఉంటారనే అనుమానం నాకూ ఉంది. అమ్మవారికి తలవంచి నమ్మేవారికంటే, తలెత్తి ఆనవాలు అడిగేవారంటేనే ఇష్టమని ఇక్కడ ప్రతీతి.

పూర్వం ఇక్కడ ఊరూ లేదు, గుడీ లేదు. తెల్లదొరల కాలంలో గుట్టను తొలిచి ఒంటి లైను వేశారు. పోయే బండికీ వచ్చే బండికీ అవే పట్టాలు. ఎదురెదురుగా రెండు బండ్లు ఒకే దారిలోకి దిగకుండా స్టేషనులో ఎర్రరంగు ఇనుప పెట్టె ఒకటి ఉండేది. దాని నిండా ఇనుప గుండ్లు ఉండేవి. అవతలి స్టేషను మాస్టరు తన పెట్టె దగ్గర నిలబడి, దారి ఖాళీగా ఉందని గంట కొట్టి ఒప్పుకుంటేనే ఇక్కడి పెట్టె ఒక గుండును బయటికి వదిలేది. ఆ గుండును తోలుసంచిలో వేసి, సంచిని బెత్తంతో వంచిన పెద్ద వలయానికి కట్టి, ఇంజను డ్రైవరుకు అందించేవారు. గుండు చేతిలో ఉన్న బండికే దారి. ఒక గుండు బయట ఉన్నంతసేపు రెండు పెట్టెల్లో ఏదీ ఇంకో గుండును వదలదు.

ఆ రోజుల్లో ఇక్కడి స్టేషను మాస్టరు పరాంకుశంగారు. నిష్ఠాపరులు, కాని తన నీడను కూడా నమ్మనివారు. కూజాలో నీళ్లు తగ్గితే ఎవరు తాగారని ఆరా తీసేవారు. అలాంటివారి కింద పాయింట్స్‌మన్‌గా ఉన్నవాడు దూదేకుల కాశీం. ఎవరేం చెప్పినా అవునవునని తలూపే మెతక మనిషి. బండి ఆగకుండా పోయేటప్పుడు డ్రైవరు విసిరే వలయాన్ని పట్టుకోవడం, మాస్టరుగారికి అందించడం అతని పని.

ఒక ఎండాకాలం ఉదయం మెయిలు బండి డ్రైవరు వలయాన్ని విసిరాడు. అది దీపస్తంభానికి తగిలి ఎగిరి పడింది. కాశీం పరుగెత్తి వలయం తీసుకున్నాడు. తోలుసంచి నోరు తెరుచుకుని ఉంది. గుండు లేదు.

రైలు కట్ట కింద రేగుపొదలు, తంగేడు పొదలు, రాళ్లు. కాశీం మోకాళ్ల మీద పాకుతూ వెతికాడు. దొరకలేదు. గుండు తిరిగి పెట్టెలో పడేదాకా మరో గుండు రాదు కనుక, బండ్లను కాగితం మీద రాసిచ్చి నడక వేగంతో పంపవలసి వచ్చింది. పైనుంచి తాఖీదుల మీద తాఖీదులు వచ్చాయి. పరాంకుశంగారికి మాత్రం మొదటి క్షణం నుంచీ ఒకటే అనుమానం.

"ఏమోయ్ కాశీం, ఏ కమ్మరికి అమ్మావు?"

"అల్లా మీద ఆన సామీ, నాకు తెల్దు. సంచి ఖాళీగానే ఉన్నింది."

"అందరూ ఇలాగే అంటారు. గుండు తెచ్చి నా బల్ల మీద పెట్టు. లేదా పోలీసులకు అప్పగిస్తాను. అంతవరకు నీకు పని లేదు."

కాశీంకు ఆ ఉద్యోగమూ, దానితోపాటు వచ్చిన ఒంటిగది క్వార్టరూ తప్ప ఇంకేమీ లేవు. భార్య నిండు గర్భిణి. దొంగ అన్న పేరు పడితే ఈ కొండల్లో కూలిపని కూడా ఎవరూ ఇవ్వరు. పాపం, తప్పేమీ చేయకుండానే మనిషి సగమైపోయాడు.

అదే సమయంలో కట్ట అవతల ఇంకో సంగతి జరుగుతోంది.

తిమ్మక్క మేకలు కాచుకునే మనిషి. పెనిమిటి పోయాడు, పిల్లలు లేరు. మేకలే ఆమె ప్రపంచం. ఎవరినీ నమ్మేది కాదని మా జేజి చెప్పేది. మంద కలిసిపోయినప్పుడు తన మేకలను పక్కవాళ్లు తోలుకుపోతారని ప్రతి మేకకూ ఎడమ చెవిన చిన్న గాటు పెట్టి ఉంచేది. మేకలు కాసేవాళ్లు ఆ గాటును ఆనవాలు అంటారు. ఎవరైనా ఇది నా మేక అంటే తిమ్మక్క నోటినుంచి వచ్చే మొదటి మాట, "ఆనవాలు చెప్పు."

ఒకనాడు మంద అంతా కట్ట వాలుకు దిగువన ఒక రేగుపొద చుట్టూ చేరి, మేత మాని నిలబడింది. తిమ్మక్క పాము ఉందేమోనని కర్రతో పొదను కదిలించింది. లోపల నున్నగా, గుండ్రంగా, ఎండకు వెచ్చగా ఒక ఇనుప గుండు. దాని మీద ఆమెకు తెలియని అక్షరాలేవో చెక్కి ఉన్నాయి. ఈ కొండల్లో అలాంటి వస్తువును చేసేవాళ్లు లేరు. మనిషి చేయనిది దేవుడు చేసిందే అయి ఉండాలని తిమ్మక్క అనుకుంది. తప్పే, కాని ఆమె స్థానంలో మనమున్నా అలాగే అనుకునేవాళ్లం. గుండును ఒడిలో పెట్టుకుని తెచ్చి, ఇప్పుడు ప్లాట్‌ఫారం కొస ఉన్న చోట, గుట్ట కింద నల్లబండలో సహజంగా ఉన్న గుంటలో పెట్టింది. అతికినట్టు కూర్చుంది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, మేకపాలు పోసింది.

ఆ మధ్యాహ్నం బండ నీడన కునుకు తీస్తుండగా కల వచ్చింది. పసుపు ముఖంతో ఒక ముత్తయిదువ ఎదుట నిలబడి, "నన్ను శానామంది అడుగుతారు. ఆనవాలు చెప్పనోళ్లకు నన్నియ్యాకు" అని చెప్పి మాయమైంది. (ముత్తయిదువ మన సీమ యాసలోనే మాట్లాడిందని మా జేజి పట్టుపట్టి చెప్పేది. కలలో అడ్డం తిరిగి అడిగినవాళ్లు లేరు కనుక నేనూ రాస్తున్నాను.)

కల నిజమే అయింది. గుండు దేవతగా వెలసిందన్న మాట పొక్కగానే గడ్డమీదపల్లె పెద్దలు వచ్చి, అది తమ ఊరి దేవత అనీ, దారి తప్పి ఇక్కడికి దొర్లిందనీ అన్నారు. తిమ్మక్క ఆనవాలు అడిగింది. ఒకరు నల్లగా ఉంటుందన్నారు. ఇంకొకరు గుండ్రంగా ఉంటుందన్నారు. "అది ఈడ నిలబడి చూసి చెప్తాండారు" అని కర్ర ఎత్తింది. ఆ అవమానం వాళ్లు ఇప్పటికీ మరిచిపోలేదు. విగ్రహం అమ్ముకున్నామన్న పుకారుకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ తర్వాత వచ్చినవాడు కాశీం. ఎవరో చెబితే విని, గుండె చిక్కబట్టుకుని వచ్చాడు. గుంటలో పసుపు పూసిన గుండును చూడగానే గుర్తుపట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కాని చెయ్యి వేయలేదు. దూరంగానే కూర్చున్నాడు.

"అక్కా, అది రైలోళ్లది. అది లేకపోతే నన్ను జైల్లో ఏస్తారు."

తిమ్మక్క అతన్ని ఎగాదిగా చూసింది. గడ్డమీదపల్లెవాళ్లే ఇతన్ని పంపారని అనుమానం. "అందురూ ఏదో ఒకటి చెప్పి ఏడుస్తారు. నీ ఏడుపు నేనెట్ల నమ్మేది? ఇది ఏందో చెప్పు ముందు."

"దాన్ని టోకెన్ అంటారక్కా."

"అంటే?"

కాశీంకు ఇంగ్లీషు రాదు. మాస్టరుగారు ఎప్పుడో చెప్పింది గుర్తు తెచ్చుకుని, తనకు తోచిన తెలుగులో చెప్పాడు.

"ఆనవాలక్కా. ముందర దారి ఖాళీగా ఉండాది, పోవచ్చు అని డ్రైవరుకు ఇచ్చే ఆనవాలు."

తిమ్మక్క చేతిలోని కర్ర కిందపడింది. కల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆనవాలు చెప్పమని అడిగితే అది నల్లగా ఉందనీ, గుండ్రంగా ఉందనీ అందరూ అన్నారు. ఆనవాలే దాని పేరని చెప్పినవాడు ఇతనొక్కడే. అయినా ఆమె అంత తేలిగ్గా లొంగలేదు. కాశీం ఇంటికి వెళ్లి, నిజంగా భార్య గర్భిణో కాదో చూసి వచ్చింది. ఆ తర్వాతనే గుండును చీరకొంగుతో తుడిచి, అతని రెండు చేతుల్లో పెట్టింది. పెట్టేటప్పుడు బావురుమని ఏడ్చిందట.

"నా తల్లిని నీకు ఇస్తాండా కాశీమూ. మళ్లా సూపించాల."

"పోయే ప్రతిసారీ సూపిస్తానక్కా."

పెట్టె గుండును మింగి టింగుమని గంట కొట్టింది. కాశీం ఉద్యోగం నిలబడింది. కాని ఒక చిక్కు వచ్చిపడింది. పెట్టె నిండా అలాంటి గుండ్లే. లోపల ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఏది ఎప్పుడు బయటికి వస్తుందో పెట్టెకే తెలియదు. అందులో తిమ్మక్క తల్లి ఏది?

అప్పటినుంచి తిమ్మక్క ప్రతి బండికీ ప్లాట్‌ఫారం కొసన నిలబడేది. కాశీం వలయం పట్టుకుని వెళుతూ సంచి నోరు తెరిచి చూపించేవాడు. ఆమె గుండు మీద పసుపు ఆనవాలు ఉందేమోనని వెతికేది. "అమ్మ ఉందా?" అనేది. "ఉందక్కా" అనేవాడు. సంచిని కళ్లకు అద్దుకుని పంపేది.

పరాంకుశంగారికి ఇది నచ్చలేదు. ఈ ముసలిది, పాయింట్స్‌మనూ కలిసి గుండును కాజేసే ఎత్తుగడ పన్నుతున్నారని ఆయన అనుమానం. అందుకని కొత్త పద్ధతి పెట్టారు. గుండును తానే సంచిలో వేసి, మూతి బిగించి, దారం చుట్టి, దాని మీద లక్కముద్ర వేసి ఇచ్చేవారు. డ్రైవర్లు ముద్ర చూసి నమ్మేవారు. కాశీం మాస్టరుగారిని చూసి నమ్మేవాడు. తిమ్మక్కకు మాత్రం తల్లి ముఖం కనబడకుండా పోయింది. సంచిని పైనుంచే కళ్లకు అద్దుకోవడం మిగిలింది.

అనుమానంలో రెండు రకాలున్నాయని నాకు ఈ కథ వల్లనే తెలిసింది. మూసిపెట్టే అనుమానం ఒకటి, విప్పి చూపమనే అనుమానం ఇంకొకటి.

వానలు పడ్డాక కోనలో చలిజ్వరాలు వచ్చాయి. పరాంకుశంగారిని జ్వరం పట్టుకుంది. అయినా ఇంకొకరి చేతికి తాళం ఇవ్వడం ఆయనకు ఇష్టం లేదు. వణుకుతూనే పని చేసేవారు. ఒక సాయంత్రం గూడ్సు బండి వచ్చి నిలబడింది. డ్రైవరు ఆలస్యమవుతోందని కూత మీద కూత వేస్తున్నాడు. ఆ జ్వరంలో ఆయన సంచి మూతి ముందే కట్టి, ముద్ర వేసి, మేకుకు తగిలించారు. గుండు తీశానో లేదో ఆయనకే గుర్తు లేదు. అసలు తీయబోయినా పెట్టె గుండును వదిలేది కాదు. అవతలి స్టేషను నుంచి పాసింజరు బండి అప్పటికే బయలుదేరి, నిండా జనంతో వస్తోంది.

కాశీం మేకుకు ఉన్న వలయాన్ని తీసుకుని పరుగెత్తాడు. దారిలో తిమ్మక్క చెయ్యి చాచింది. సంచిని కళ్లకు అద్దుకుంది.

సంచి తేలికగా ఉంది.

"కాశీమూ, అమ్మ లేదురా!"

"మాస్టరుగారే ముద్రేసి ఇచ్చినారక్కా, లేకుండా ఎట్లుంటాది!" అంటూనే అతను వలయాన్ని డ్రైవరుకు అందించాడు. ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. గూడ్సు కదిలింది.

"అమ్మ లేదు! ఆపండ్రా, సంచిలో అమ్మ లేదు!"

పిచ్చిదనుకున్నారు. అక్కడున్నవాళ్లందరూ అలాగే అనుకున్నారు. తిమ్మక్క ఇంకొకరిని బతిమాలలేదు. కట్ట పక్కన మేస్తున్న తన మందను అదిలించి, బండి వేగం అందుకోకముందే ముందుకు తోలి, పట్టాల మీదికి ఎక్కించింది. వాటి నడుమ తాను నిలబడింది. తన ప్రాణంలా చూసుకునే మేకలనే ఆమె ఇంజనుకు ఎదురు నిలిపింది.

డ్రైవరు బ్రేకు వేశాడు. బండి ఆగేలోగా ముందున్న మేకలు కొన్ని చక్రాల కింద పడ్డాయి. డ్రైవరు బూతులు తిడుతూ దిగాడు. ఆమె వినలేదు. "సంచి విప్పు" అన్నది. "విప్పి సూపించు, నా తల్లి ఉంటే నన్ను నరికెయ్."

డ్రైవరు కోపంతో ముద్ర పగలగొట్టి సంచిని బోర్లించాడు. ఏమీ పడలేదు.

అప్పుడు గుట్ట మలుపు అవతల కూత వినిపించింది. వెనకే పరుగెత్తుకొచ్చిన కాశీం ఎర్రజెండా ఊపుతూ మలుపు వైపు పరుగు తీశాడు. పాసింజరు బండి కీచుమంటూ వచ్చి, మలుపు తిరిగి, ఆగింది. రెండు ఇంజన్లూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ నిలబడ్డాయి. మధ్యలో తిమ్మక్క, చచ్చిన మేకపిల్లను ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. బండిలోని జనం దిగి వచ్చి ఆమె కాళ్లకు మొక్కారు. ఆ మొక్కడమే ఈ క్షేత్రంలో జరిగిన మొదటి ఉత్సవం.

కొన్నాళ్లకు పెద్ద అధికారి ఒకాయన ప్రత్యేక బండిలో వచ్చి, ఏం కావాలో కోరుకోమన్నాడు. తిమ్మక్క కోరింది ఒకటే. "నా తల్లిని నాకియ్యండి."

రెండు స్టేషన్ల పెట్టెలూ తెరిపించారు. గుండ్లన్నీ ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరిచి పేర్చారు. తిమ్మక్క ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుంది, వాసన చూసింది, చెంపకు ఆనించుకుంది. అన్నీ ఒకలాగే ఉన్నాయి. పసుపు ఏనాడో అరిగిపోయింది. ప్రతి మేకకూ చెవిన గాటు పెట్టిన మనిషి, తన దేవతకు మాత్రం గాటు పెట్టలేదు.

"ఏదో ఒకటి తీసుకోమ్మా, అన్నీ ఒకటే కదా" అన్నాడు అధికారి.

"ఏదో ఒకటి తీసుకునేకి అమ్మ ఏమన్నా సంతలో టెంకాయనా సామీ? ఆనవాలు లేందే నేను తీసుకోను." కొంగుతో ముఖం తుడుచుకుని ఆమె గుండ్లన్నిటినీ మళ్లీ చూసింది. "అన్నీ పెట్టెలో ఏసేయండి. వీటిల్లోనే యాడో ఒకచోట ఉండాది. బండ్లతో పోతా వొస్తా ఉంటాది. నేను అడుగుతా ఉంటా."

పరాంకుశంగారు అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆ రోజునుంచి ఆయన లక్కముద్ర ముట్టలేదు. ప్రతి బండికీ తానే గది బయటికి వచ్చి, సంచి నోరు రెండు చేతులా విప్పి, తిమ్మక్క ముందు వంగి, "చూడమ్మా, ఉన్నది" అని చూపించేవారు. ఆయన మారిపోయారని హుస్సేనయ్య అంటాడు. భయపడ్డారని మా జేజి అనేది. రెండూ అయి ఉండవచ్చునని నా అనుమానం.

ఇదీ పీఠం ఖాళీగా ఉండడానికి కారణం. తల్లి ఎక్కడికో పోలేదు, ప్రయాణంలో ఉంది.

ఇప్పుడు ఆ పెట్టెలు లేవు. లైను వెడల్పు చేశారు, రంగుదీపాల సిగ్నళ్లు వచ్చాయి. పాత సామాను తీసేసేటప్పుడు రైల్వేవారు అద్దాల పెట్టెలో ఒక గుండు తెచ్చి, మీ దేవత ఇదేనని పీఠంలో పెట్టబోయారు. మా ఇంటి ఆడపడుచు ఓబులమ్మ, ప్రస్తుతం ప్లాట్‌ఫారం కొసన నిలబడే హక్కు ఉన్న మనిషి, గుండును వాసన చూసి ఆనవాలు అడిగింది. గుండును మర్యాదగా తిప్పి పంపాము.

కోనకు వచ్చే భక్తులు పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు, పొలం రాయించుకునే ముందు, కొత్త పనిమనిషిని ఇంట్లో పెట్టుకునే ముందు పీఠానికి మొక్కి వెళతారు. మొదటి పసుపు కాశీం వంశంవారే తెస్తారు. ఇక్కడ మొక్కినవారు మోసపోరని చెప్పను. ముద్ర వేసి ఉన్నా సరే, విప్పి చూపించమని అడిగే నోటిని అమ్మ ఇస్తుంది. అడగడానికి మొహమాటపడేవారికి అది చిన్న వరం కాదు.

ఇక నేటికీ సాగుతున్న ఆచారం. ఇక్కడ ఆగిన ప్రతి పాసింజరు బండీ కదిలేముందు ఓబులమ్మ ఇంజను దగ్గరికి వెళ్లి, "అమ్మ ఉందా?" అని అడుగుతుంది. డ్రైవరు కిటికీలోంచి ఖాళీ చెయ్యి చాచి, "ఉందమ్మా" అంటాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన, తెలుగు రాని డ్రైవర్లు కూడా ఆ ఒక్క మాట నేర్చుకున్నారు. గుండ్లే లేని కాలంలో ఏముందని ఆ మాట అంటున్నారని కొందరు భక్తులు నన్ను నిలదీస్తారు. నిలదీయాలి. నేనూ ఆ మాటను పూర్తిగా నమ్మను. ఓబులమ్మ కూడా నమ్మదు, అందుకే మరుసటి బండిని మళ్లీ అడుగుతుంది.

డ్రైవరు జవాబు చెప్పని రోజు ఇంతవరకు రాలేదు. వస్తే ఏం చేయాలో ఓబులమ్మకు తెలుసు. ఆమె మేకలు ఎప్పుడూ కట్ట పక్కనే మేస్తూ ఉంటాయి.